వంగితే తప్ప దొరకని మనిషి

2023 మే నెలలో లీడ్స్ మారథాన్ ముగింపు గీత దగ్గర తీసిన వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి కూడా వచ్చింది. కెవిన్ సిన్‌ఫీల్డ్ అనే మనిషి 42 కిలోమీటర్లు చక్రాల కుర్చీని తోసుకుంటూ పరిగెత్తి, గీతకు కాస్త ముందు ఆగి, కుర్చీలో ఉన్న స్నేహితుణ్ని రెండు చేతులా ఎత్తుకుని గీత దాటించాడు. ఆ స్నేహితుడు రాబ్ బర్రో, ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ ఆటగాడు. మోటార్ న్యూరాన్ వ్యాధి వల్ల అప్పటికే కాళ్లూ చేతులూ మాటా పోయాయి. మరుసటి ఏడాది, 2024 జూన్ 2న, 41 ఏళ్లకే చనిపోయాడు.

ఆ వీడియో చూసి కళ్లు తడవని వాళ్లుండరు. నాకూ తడిశాయి. కానీ దాన్ని పంపినవాళ్లలో ఎంతమందికి బర్రో ఆట తెలుసు అని అప్పట్నుంచీ నాకు ఒకటే సందేహం. ఎత్తుకున్నవాడూ, ఎత్తించుకున్నవాడూ ఒకే జట్టులో ఏళ్ల తరబడి ఆడినవాళ్లని మహా అయితే తెలిసుంటుంది. బర్రో గురించి మనదాకా వచ్చినవి రెండే ముక్కలు. ఒకటి జబ్బు. రెండోది ఎత్తు: ఐదడుగుల ఐదంగుళాలు. "అంత పొట్టివాడు అంత మొరటు ఆట ఎలా ఆడాడో" అని ఆశ్చర్యపోయి, "పిట్ట కొంచెం కూత ఘనం" అని ఓ సామెత తగిలించి, అక్కడితో ఆపేస్తాం.

నాకు ఆ సామెతతోనే పేచీ. బర్రో పొట్టితనాన్ని జయించాడనడం అతని ఆటను చూడకుండా మెచ్చుకోవడమే అంటాను. అతను దేన్నీ జయించలేదు. ఆ ఎత్తుతోనే ఆడాడు, ఆ ఎత్తు వల్లే ఆడాడు. ఆరడుగులు పెరిగి ఉంటే మంచి ఆటగాడు అయ్యుండేవాడేమో, ఇంత ప్రమాదకరమైన ఆటగాడు మాత్రం అయ్యేవాడు కాదు. ఎందుకో చెప్పాలంటే ఆట లోపలికి కొంచెం వెళ్లాలి.

ముందు ఊరి సంగతి. లీడ్స్‌లోని హెడింగ్లీ అంటే మనకు క్రికెట్. 2002లో ద్రవిడ్, టెండూల్కర్, గంగూలీ ముగ్గురూ సెంచరీలు కొట్టి టెస్టు గెలిపించిన గ్రౌండ్. ఆ గ్రౌండ్‌లో ఒక స్టాండ్‌కి రెండు ముఖాలున్నాయని టీవీలో చూసేవాళ్లకి తెలియదు. ఒకవైపు కూర్చుంటే క్రికెట్ కనిపిస్తుంది, వీపు తిప్పి అవతలివైపు కూర్చుంటే రగ్బీ లీగ్ కనిపిస్తుంది. అటువైపు లీడ్స్ రైనోస్ సొంత మైదానం. 2002లో ఇటువైపు సచిన్ 193 కొట్టిన రోజుల్లో అటువైపు ఇరవై ఏళ్లు కూడా నిండని బర్రో జట్టులో చోటు ఖాయం చేసుకుంటున్నాడు. ఇద్దరి ఎత్తూ ఇంచుమించు ఒకటే. సచిన్‌ని లిటిల్ మాస్టర్ అన్నాం గానీ, అతని బ్యాటింగ్‌ని ఏనాడూ ఎత్తు మీద సాధించిన విజయంగా చెప్పుకోలేదు. షార్ట్ బాల్ కింద నుంచి ఎలా తప్పుకుంటాడు, స్ట్రెయిట్ డ్రైవ్‌లో బరువు ఎటు మళ్లిస్తాడు అని గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. బర్రోకి ఆ పాటి మర్యాద దక్కలేదని నా ఫిర్యాదు.

క్రికెట్‌లో ఒకరినొకరు గుద్దుకోరు కదా అంటారు. నిజమే, కాబట్టి ఈ గుద్దుకునే ఆట సంగతి చూద్దాం.

రగ్బీ లీగ్ అంటే మనం ప్రపంచకప్పుల్లో ఎక్కువగా చూసే రగ్బీ యూనియన్ కాదు. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. గొడవ డబ్బు దగ్గర. బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోతుంది, ఆ కూలి ఇవ్వాలని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆటకు డబ్బు పుచ్చుకోవడం మర్యాద కాదని దక్షిణాది పెద్దమనుషులు అన్నారు. పూట గడవడానికి కూలి కావాల్సినవాడికి మర్యాద పాఠం చెప్పడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే, దాని గురించి ఇంకోసారి రాస్తాను. విడిపోయిన ఆట తనకంటూ రూల్స్ చేసుకుంది. బంతి గీత బయటికి పోతే రెండు వరసలు కట్టి గాల్లో అందుకునే లైన్ అవుట్లు తీసేశారు, 15 మందిని 13కి తగ్గించారు, బంతి కోసం మనుషుల కుప్పలు పడే పద్ధతి పోయింది. బర్రో పుట్టిన పాంటిఫ్రాక్ట్, పెరిగిన క్యాసిల్‌ఫర్డ్ ఆ బొగ్గు ఊళ్లే. లీడ్స్‌కి కాస్త ఆగ్నేయంగా ఉంటాయి. అక్కడ పిల్లవాడి చేతికి మొదట వచ్చేది కోడిగుడ్డు ఆకారం బంతే.

ఆటలో అసలు గుట్టు అంతా ఒక చిన్న పనిలో ఉంది. దాన్ని ప్లే-ద-బాల్ అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఎదుటివాళ్లు పడగొడతారు, దాన్ని ట్యాకిల్ అంటారు. పడిపోయినవాడు లేచి నిలబడి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనక కాచుకుని ఉన్నవాడు, అతణ్ని డమ్మీ హాఫ్ అంటారు, దాన్ని అందుకుంటాడు. మళ్లీ ఆట మొదలు. ఇలా ఒక జట్టుకి ఆరు ట్యాకిళ్ల వరకు అవకాశం. ఈలోగా ఎదుటి జట్టు పది మీటర్లు వెనక్కి వెళ్లి వరసగా నిలబడాలి. బంతికి ఎదురుగా మాత్రం ఇద్దరు ఉండొచ్చు, వాళ్లను మార్కర్లంటారు.

మన కబడ్డీ చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కూతకొచ్చినవాణ్ని నలుగురు కలిసి పట్టేసిన మరుక్షణం ఆ నలుగురూ నేలమీదే ఉంటారు. కబడ్డీలో అక్కడితో కూత అయిపోయినట్టే. రగ్బీ లీగ్‌లో అక్కడే మొదలు. నూరు కిలోలు దాటిన ముగ్గురు మనుషులు ఒకడి మీద నుంచి లేస్తున్నారు, ఒకడి చేయి ఇంకా కింద ఇరుక్కుని ఉంది, మార్కర్ మోకాలి మీద నుంచి పైకి వస్తున్నాడు, మిగతావాళ్లు రొప్పుతూ వెనక్కి నడుస్తున్నారు. ఈ గజిబిజి సెకను, రెండు సెకన్లు మాత్రమే ఉంటుంది. బర్రో తన ఆట మొత్తం ఆ సందులో ఆడాడు.

ఆ సందులో ఎత్తు ఏం చేస్తుందో చూడండి. ఆరడుగుల రెండంగుళాల మనిషి నిటారుగా నిలబడి భుజం ఎత్తున చేయి చాస్తే అది బర్రో కళ్ల దగ్గరికి వస్తుంది. తలకీ మెడకీ తగిలితే పెనాల్టీ. అంటే చేయి దించాలి, దించాలంటే నడుం వంచాలి, నడుం వంచాలంటే ముందు ఊపిరి తీసుకోవాలి. అరవై నిమిషాలు గుద్దుకుని అలిసిపోయిన ముందు వరస వాడికి అంత టైమ్ లేదు. 70 కిలోల దరిదాపు ఉన్న శరీరం మొదటి మూడు నాలుగు అడుగుల్లోనే పూర్తి వేగం అందుకుంటుంది, ఒక కాలి మీద ఆగి ఇంకో దిక్కుకు తిరుగుతుంది. వంద కిలోలవాడు అదే పని చెయ్యాలంటే ముందు తన బరువునే ఆపుకోవాలి. ఇందులో అద్భుతమేమీ లేదు, ఎనిమిదో క్లాసు ఫిజిక్సే. అద్భుతమేదన్నా ఉంటే అది ఆ సందు ఎప్పుడు తెరుచుకుంటుందో ముందే పసిగట్టడంలో ఉంది. ఎడమవైపు మార్కర్ లేవడం ఆలస్యమైందా, కుడివైపు పెద్దాయన చేతులు మోకాళ్ల మీద పెట్టాడా? దొర్లిన బంతి దగ్గరికి వంగే లోపలే ఇదంతా చూసేయాలి. ఎలాగూ నేలకు దగ్గరగా ఉన్న మనిషి, వంగడానికి అతనికి పెద్ద టైమ్ పట్టదు.

ఇక 2011 అక్టోబర్. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సూపర్ లీగ్ (ఇంగ్లండ్ రగ్బీ లీగ్‌లో పై స్థాయి పోటీ) గ్రాండ్ ఫైనల్, ఎదురు జట్టు సెయింట్ హెలెన్స్. లీడ్స్ ఆ ఏడు పట్టికలో ఐదో స్థానంలో నిలిచి, నాకౌట్లలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. బర్రో మొదటి పదముగ్గురిలో లేడు, బెంచ్ మీద ఉన్నాడు. మొదటి సగంలోనే వచ్చాడు. గోల్ గీతకు చాలా దూరంలో, డమ్మీ హాఫ్‌గా బంతి అందుకుని, మొదటివాడు చాచిన చేతి కింద నుంచి దూరిపోయాడు. నిజంగానే కింద నుంచి. అవతలివాడి చేతులు గాలిని పట్టుకున్నాయి. అక్కణ్నుంచి వంపు తిరిగి, వెనక ఒంటరిగా కాపలా ఉన్న ఫుల్ బ్యాక్ పాల్ వెల్లెన్స్‌ని కూడా దాటి ట్రై చేశాడు, అంటే గోల్ గీత అవతల బంతిని నేలకి తాకించాడు. వెల్లెన్స్ అంటే ఆషామాషీ మనిషి కాదు, ఆ తరంలో వెనక కాపలాకి పేరుపడ్డవాడు. రెండో సగంలో సెయింట్ హెలెన్స్ 16-8తో ముందుకెళ్లింది. తర్వాత లీడ్స్ ఎదుటివాళ్లకి ఒక్క పాయింటూ ఇవ్వకుండా 24 చేసి 32-16తో గెలిచింది. ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడికిచ్చే హ్యారీ సండర్లాండ్ ట్రోఫీకి ఓటేసినవాళ్లంతా బర్రో పేరే రాశారు. అలా అందరూ ఒకే పేరు రాయడం అదే మొదటిసారి.

ఆ ట్రై వీడియో యూట్యూబ్‌లో దొరుకుతుంది. చాలామంది దాన్ని "చూడండి, ఇంత చిన్నవాడు ఎంత పని చేశాడో" అని చూపిస్తారు. నాకు అందులో కనిపించేది వేరు. అదే బంతిని ఆరడుగులవాడు అందుకుని ఉంటే ఆ మొదటి చేతులు ఛాతీకి తగిలేవి. ట్రై లేదు, ట్యాకిల్ నంబర్ పెరిగేది, అంతే.

మన పురాణాల్లో పొట్టివాడు గెలిచిన కథ అనగానే వామనుడు గుర్తొస్తాడు. కానీ జాగ్రత్తగా చూస్తే వామనుడు వామనుడిగా గెలవలేదు. మూడడుగులు అడగడానికి పొట్టివాడు, కొలవడానికి మాత్రం త్రివిక్రముడు. భూమీ ఆకాశమూ నిండేంత పెరిగితే తప్ప పని జరగలేదు. మనం చిన్నవాళ్లను మెచ్చుకునే తీరు కూడా ఇలాగే ఉంటుంది. "చూడ్డానికి అంతే గానీ లోపల సింహం" అంటాం, మనసులోనైనా వాడిని పెద్దవాణ్ని చేస్తే గానీ మనకు తృప్తి ఉండదు. బర్రోని కూడా గుండె ధైర్యంలో రాక్షసుడనీ, పట్టుదలలో కొండనీ రాశారు. అవన్నీ నిజమే కావచ్చు. కానీ వెల్లెన్స్‌ని దాటింది గుండె ధైర్యం కాదు, ఒంటికాలి మీద తిరిగిన తిరుగుడు.

మరి డిఫెన్స్ సంగతేంటి? ఇది అసలైన ప్రశ్న, దీన్ని దాటేస్తే నా వాదన సగమే. బంతి చేతిలో ఉన్నప్పుడు పొట్టివాడికి లాభం ఉందనుకుందాం, లేనప్పుడు? ఎదుటి కోచ్ చేసే మొదటి పనేంటంటే, తన జట్టులో పెద్దవాణ్ని బర్రో నిలబడ్డ చోటుకే తోలడం. ఒకసారి కాదు, మ్యాచ్ పొడుగునా. అక్కడ ఫిజిక్స్ అతనికి అడ్డం తిరుగుతుంది. బర్రో దానికి చేసిన ఏర్పాటు రెండు రకాలు. జిమ్‌లో బరువులెత్తడంలో, తన బరువుతో పోలిస్తే, జట్టులో పెద్దపెద్దవాళ్లను మించేవాడని తోటి ఆటగాళ్లే చెప్పారు. రెండోది, ఛాతీని ఆపాలని చూడకుండా కాళ్లు పట్టుకోవడం. ఎంత బరువైనా కాళ్లు కదలకపోతే పడాల్సిందే. అయినా నష్టం పూర్తిగా పోదు. కొన్నిసార్లు అతని మీదుగా తొక్కుకుంటూ వెళ్లినవాళ్లూ ఉన్నారు. లాభం ఎక్కువా నష్టం ఎక్కువా అనేది కోచ్ వేసుకోవాల్సిన లెక్క. లీడ్స్ కోచ్‌లు పదిహేడు సీజన్లపాటు ఆ లెక్క వేసి, ప్రతిసారీ బర్రోనే ఉంచుకున్నారు. జాలిపడి ఎవరూ ఎవర్నీ 492 మ్యాచ్‌లు ఆడించరు.

అవును, 492. అన్నీ ఒకే క్లబ్బుకి, 2001 నుంచి 2017 దాకా. మొదటి ఏడాదే సూపర్ లీగ్‌లో ఉత్తమ యువ ఆటగాడు. 2004లో లీడ్స్ 32 ఏళ్ల తర్వాత ఛాంపియన్ అయినప్పుడు ఉన్నాడు. 2007, 2008, 2009 వరసగా మూడు, 2011, 2012, 2015, చివరగా 2017, మొత్తం ఎనిమిది గ్రాండ్ ఫైనళ్లు గెలిచాడు. 2007 ఫైనల్లో కూడా సండర్లాండ్ ట్రోఫీ అతనిదే. అదే ఏడు న్యూజిలాండ్ మీద గ్రేట్ బ్రిటన్ మూడు టెస్టులూ గెలిచిన సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు. ఆఖరి మ్యాచ్ 2017 ఫైనల్, ఎదురుగా ఉన్నది తను పెరిగిన క్యాసిల్‌ఫర్డ్ జట్టే. ఆ క్లబ్బుకి అదే మొట్టమొదటి గ్రాండ్ ఫైనల్. లీడ్స్ 24-6తో గెలిచింది. ఆ రాత్రి క్యాసిల్‌ఫర్డ్ వీధుల్లో బర్రో గురించి ఏమనుకున్నారో గానీ, నేనైతే ఆ ఊళ్లో బంధువులింటికి కొన్నాళ్లు వెళ్లేవాణ్ని కాదు.

పతకాల జాబితా ఎవరైనా ఇస్తారు. నాకు ఆసక్తి బెంచ్ మీద. కెరీర్ మొదటి సగంలో బర్రో జెర్సీ నంబర్ 7కి తగ్గ చోట, ఆట నడిపించే స్క్రమ్ హాఫ్‌గా, మొదటి నిమిషం నుంచీ ఆడేవాడు. బ్రయన్ మెక్‌డెర్మాట్ కోచ్‌గా వచ్చాక అతణ్ని ఎక్కువగా బెంచ్ మీద కూర్చోబెట్టి, ఇరవై, పాతిక నిమిషాలయ్యాక డమ్మీ హాఫ్‌గా పంపడం మొదలుపెట్టాడు. బర్రోకి అది నచ్చలేదు. ఏ ఆటగాడికి నచ్చుతుంది? అంతర్జాతీయ ఆటగాణ్ని, రెండు చేతుల నిండా మెడళ్లున్నవాణ్ని పక్కన కూర్చోమంటే అవమానంగానే ఉంటుంది. కానీ కోచ్ లెక్క నాకు అర్థమవుతుంది. మొదటి ఇరవై నిమిషాలు ముందు వరసవాళ్లు తాజాగా ఉంటారు, త్వరగా లేస్తారు, సందు దొరకదు. వాళ్ల కాళ్లు బరువెక్కిన తర్వాత బర్రోని వదిలితే అప్పుడు చూడాలి. 2011 ఫైనల్ అలా గెలిచిందే. ఆటగాడి గౌరవానికీ జట్టు లాభానికీ మధ్య ఇలాంటి చోట్ల గొడవ తప్పదు, అందులో కోచ్ పక్షానే ఉంటాను నేను. బర్రో అభిమానులు కొందరు ఈ మాటకి ఇప్పటికీ నా మీద లేస్తారు.

ఆ గొడవలో ఇంకో సంగతి ఉంది. ఏ ఒంటికి ఏ ఆటలో చోటుంటుందో నిర్ణయించేది రూల్ బుక్. సూపర్ లీగ్ 1996లో మొదలైనప్పుడు ఆటను చలికాలం నుంచి వేసవికి మార్చారు. యార్క్‌షైర్ జనవరి బురదలో పాదం దిగబడుతుంటే పక్కకి తిరగడం ఎవరివల్లా కాదు. గట్టి నేల మీద వేగానికి విలువొచ్చింది. అంతకు కొద్దికాలం ముందే డిఫెన్స్ వెనక్కి వెళ్లాల్సిన దూరం ఐదు మీటర్ల నుంచి పదికి పెంచారు, డమ్మీ హాఫ్ ముందు ఖాళీ రెట్టింపైంది. బర్రో సరిగ్గా ఆ మార్పుల తర్వాత వచ్చాడు. ఎన్ని మార్పిళ్లు అనుమతించాలన్న నిబంధన కూడా ఇలాంటిదే. అలిసినవాణ్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చంటే పెద్దవాళ్లు ఎప్పుడూ తాజాగా ఉంటారు, సందు మూసుకుంటుంది. సూపర్ లీగ్ ఆ సంఖ్యను తగ్గిస్తూ 2019లో ఎనిమిదికి తెచ్చింది. అప్పటికి బర్రో రిటైరయ్యాడు. ఆ ఎనిమిది మార్పిళ్ల ఆటలో ఇరవై అయిదేళ్ల బర్రోని ఊహించుకుంటే ఎదుటి జట్టుని చూసి జాలేస్తుంది.

అయితే నా వాదనకి నేనే ఒక అడ్డుపుల్ల వెయ్యాలి. బురద రోజుల్లో కూడా పొట్టివాళ్లున్నారు. అదే క్యాసిల్‌ఫర్డ్‌లో పుట్టిన రోజర్ మిల్వర్డ్ బర్రో కన్నా కూడా కాస్త పొట్టి. హల్ కేఆర్ జట్టు కెప్టెన్‌గా 1980లో వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్ ఆడుతూ, మొదట్లోనే దవడ విరిగినా మైదానం వదలకుండా ఆడి కప్పు తీసుకెళ్లాడు. ఆ రోజుల్లో స్క్రమ్, అంటే రెండు జట్ల ముందువాళ్లు భుజాలు కలిపి బంతి కోసం నెట్టుకోవడం, నిజంగా పోటీగా జరిగేది, దాని వెనక బంతి అందుకునే చిన్న మనిషికి ఒక ఉద్యోగం ఖాయంగా ఉండేది. ఇప్పటి స్క్రమ్ పేరుకే. ఆ ఉద్యోగం పోయి, ఇంకోటి పుట్టింది. ఆస్ట్రేలియాలో అలన్ లాంగర్ ఈ రెండు కాలాల మధ్యవాడు. ఎత్తు బర్రోకి అచ్చు సమానం. ఇప్స్‌విచ్ నుంచి వచ్చి బ్రిస్బేన్ బ్రాంకోస్‌కి నాలుగు టైటిళ్లు సంపాదించాడు. 2001లో ఇంగ్లండ్‌లో వారింగ్టన్‌కి ఆడుకుంటున్న అతణ్ని, ముప్ఫై అయిదో ఏట, కోచ్ వేన్ బెనెట్ గుట్టుగా విమానం ఎక్కించి తీసుకెళ్లి క్వీన్స్‌లాండ్ తరఫున, రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో దింపాడు. 40-14తో గెలిచారు. భూగోళం అటు చివర నుంచి మనిషిని రప్పించుకునే ముందు ఆ కోచ్ టేపు పెట్టి కొలవలేదు.

టేపు పెట్టి కొలిచేది ఇంకా ముందు, పిల్లల దగ్గర. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మా వాడు ఇక్కడ ఒక పిల్లల జట్టులో ఆడతాడు. వయసుకి చిన్నగా కనిపిస్తాడు. ఊరి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా "వీడేంట్రా ఇంత పీలగా ఉన్నాడు, గాలొస్తే ఎగిరిపోయేట్టున్నాడు, తిండి పెడుతున్నారా" అంటుంది. అది నానమ్మ ప్రేమ, దానికేం. ఆదివారం పొద్దున గీత పక్కన నిలబడ్డ పెద్దమనుషుల మాటలే వేరు. ఎనిమిదేళ్ల పిల్లల ఆటలో కూడా "బంతి పెద్దోడికివ్వు, పెద్దోడికివ్వు" అని అరుపులు. పెద్దోడు బంతి పట్టుకుని తిన్నగా పరిగెడతాడు, నలుగురు పిల్లలు పక్కకి పడిపోతారు, ట్రై. చప్పట్లు. వాడికి ట్యాకిల్ తప్పించుకోవడం నేర్చుకోవాల్సిన అవసరమే రాదు. పదిహేనేళ్లకి మిగతావాళ్లూ పెరుగుతారు, అప్పుడు వాడి దగ్గర ఇంకే విద్యా ఉండదు. ఈలోగా చిన్నవాళ్లు ఆట మానేసి ఉంటారు.

బర్రోకి కూడా చిన్నప్పుడు సరిపోవనే చెప్పారు, ఒకరు కాదు, చాలామంది. అతను మానలేదు. దీన్ని చాలామంది ఆశ కలిగించే కథగా చెబుతారు. నాకది భయం కలిగించే కథ. మానని ఒక్కడిని మనం చూశాం, మానేసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? "బర్రో ఆడలేదా, నీకేం" అని చిన్న పిల్లవాడికి చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, కానీ ఆ మాట ఎంపిక చేసే పెద్దవాళ్ల బాధ్యతని తీసుకెళ్లి పిల్లవాడి పట్టుదల మీద పెడుతుంది. న్యూజిలాండ్‌లో కొన్నిచోట్ల పిల్లల రగ్బీలో వయసుతోపాటు బరువు కూడా చూసి జట్లు కడతారు. దానికి ఎదురు వాదన ఉంది. పెద్దవాళ్ల మధ్య ఆడబట్టే కదా బర్రోకి ఆ తప్పించుకునే విద్య వచ్చింది, సమాన బరువుల్లో పెరిగితే వచ్చేదా అని. మంచి ప్రశ్నే. కొంత అలాగే వచ్చి ఉంటుంది కూడా. అయినా ఒక్కడికి విద్య నేర్పడానికి పదిమందిని ఇంటికి పంపే బడిని నేను మంచి బడి అనను. వారంలో ఒకరోజు బరువు చూసి, ఒకరోజు చూడకుండా ఆడించినా చాలు, రెండూ నేర్చుకుంటారు.

ఇక జబ్బు. బర్రోకి 2019 డిసెంబర్లో తేలింది. 2020 జనవరిలో హెడింగ్లీలో, పాత సహచరుడు జేమీ జోన్స్-బుకానన్ గౌరవార్థం పెట్టిన మ్యాచ్‌లో, ఆఖరి నిమిషాలు మైదానంలోకి వచ్చాడు. తర్వాత సిన్‌ఫీల్డ్ ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తి ఇరవై లక్షల పౌండ్లకు పైగా పోగుచేశాడు. లీడ్స్‌లో బర్రో పేరిట వ్యాధి చికిత్సా కేంద్రానికి పనులు మొదలైంది అతను పోయిన మర్నాడు. ఇవన్నీ పెద్ద పనులు, వీటిని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు.

ఒక ప్రశ్న మాత్రం అందరి నోటా వింటుంటాను: అంత చిన్న ఒంటి మీద అన్ని దెబ్బలు తిన్నందుకే జబ్బొచ్చిందా? ఒక మనిషి విషయంలో అలా తేల్చడానికి ఏ డాక్టరూ ఒప్పుకోడు. స్కాట్లండ్ తరఫున ఆడిన పాత రగ్బీ యూనియన్ ఆటగాళ్ల మీద గ్లాస్గో యూనివర్సిటీ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు జనంతో పోలిస్తే వాళ్లకు మోటార్ న్యూరాన్ వ్యాధి ముప్పు దాదాపు పదిహేను రెట్లు కనిపించింది. లెక్కించింది 412 మందిని మాత్రమే, అందులో ఈ జబ్బు వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది, కాబట్టి ఆ అంకెని జాగ్రత్తగా పట్టుకోవాలి. జాగ్రత్తగా పట్టుకున్నా అది చిన్న అంకె కాదు. ఇక "చిన్న ఒళ్లు" అనే మాట దగ్గర మాత్రం ఆగండి. ఇదే జబ్బుతో 2022లో పోయిన స్కాట్లండ్ ఆటగాడు డాడీ వెయిర్ ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు. వాళ్లిద్దరూ స్నేహితులు కూడా. తలకి తగిలే దెబ్బల సంగతి అందరు ఆటగాళ్ల సంగతి. దాన్ని పొట్టివాడు పెద్దవాళ్ల ఆట ఆడబోయి తెచ్చుకున్న కష్టంగా మారిస్తే, ఆట నడిపేవాళ్లు చేతులు దులుపుకోవడానికి భలే వీలు.

2024 నుంచి గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడి బహుమతికి హ్యారీ సండర్లాండ్ పేరు తీసేసి రాబ్ బర్రో పేరు పెట్టారు. మొదట అందుకున్నది విగాన్ ఆటగాడు బెవన్ ఫ్రెంచ్. జరిగిన వాటన్నిట్లో నాకు బాగా నచ్చినది ఇదే. అది ధైర్యానికిచ్చే బహుమతి కాదు. ఆ ఎనభై నిమిషాలు అందరికన్నా బాగా ఆడినవాడికిచ్చేది.

మారథాన్ వీడియో చూసినవాళ్లు వీలైతే 2011 ఫైనల్ కూడా చూడండి. ట్రై ముక్క ఒక్కటే కాదు, బర్రో మైదానంలోకి వచ్చినప్పట్నుంచి. బంతి అతని చేతిలో లేనప్పుడు అతణ్నే చూస్తూ ఉండండి. ప్రతి ప్లే-ద-బాల్ దగ్గరా తల పక్కకి తిప్పి మార్కర్లు లేచారో లేదో చూసుకుంటాడు. లేచి ఉంటే బంతిని పక్కవాడికి ఇచ్చేస్తాడు. లేవకపోతే ఇవ్వడు.